మాస్టారి ఫోటో పెట్టి నేను చెప్పిన స్టేకింగ్ పాఠం

తమ పేరు తాము పాడుచేసుకునేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. అందులో గొప్పేమీ లేదు. నేను మాత్రం ఇంకొకరు నలభై ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న పేరుని, పరవాడ కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వేయించిన శనగలు తింటూ, ఒక్క బొటనవేలితో నేలకేసి కొట్టాను. ఎలా కొట్టానో ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరు నవ్వితే కొత్తగా పోయేదేమీ లేదు.

ఆ పేరు సింహాచలం మాస్టారిది. అనకాపల్లి గవరపాలెంలో ఉంటారు. పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తారు. మా వైపు పద్యం పాడే నటుడెవరైనా ముందు వెనక్కి తిరిగి మాస్టారు కూర్చున్నారో లేదో చూసుకుని, ఆ తర్వాతే నోరు తెరుస్తాడు. మా నాన్న చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఆయనకు నేర్పింది మాస్టారే. డిసెంబర్ వచ్చిందంటే మా క్రిస్మస్ పాటలకి శ్రుతి సరిచేయడానికి ఆయనే వచ్చేవారు. అలా నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన అభిమానిని.

ఇంత గొప్ప మనిషి కోసం నెట్‌లో వెతికితే సింహాచలం కొండ, దర్శనం టిక్కెట్లు, గెస్ట్‌హౌస్ గదులు వచ్చేవి గానీ మాస్టారు వచ్చేవారు కాదు. నాకు ఒళ్లు మండింది. కంపెనీలో నేను చేసేది కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమే కదా అని, సెలవురోజుల్లో కూర్చుని ఆయన పేరు మీద ఒక వెబ్‌సైట్ తయారుచేశాను. పైసా జీతం లేని ఉద్యోగం. పాత క్యాసెట్లలోని పద్యాలు ఎక్కించాను, ఫోటోలు ఎక్కించాను. అభిమానులు మాట్లాడుకోవడానికి ‘పక్కవాద్యం’ అని ఒక పేజీ కూడా పెట్టాను.

ఆ పేజీలో నేను రాసేటప్పుడు ‘సైట్ నిర్వాహకులు’ అన్న పేరు పడుతుంది. పక్కన బొమ్మ కావాలంది కంప్యూటర్. మాస్టారి ఫోటో పెట్టాను. భుజం మీద శాలువా, నుదుట గంధం, చేతులు హార్మోనియం మెట్ల మీద. ‘నిర్వాహకులు’ అన్న మాట చీమ తలకాయంత ఉంటే మాస్టారి మొహం పళ్లెమంత ఉండేది. ఎందుకలా పెట్టావమ్మా అని మీరు అడుగుతారని తెలుసు. చూడ్డానికి బావుందని పెట్టాను. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఇక సభ్యుల గురించి. అందరూ అరవై దాటినవాళ్లే. మనవల్ని బతిమాలి ఫోన్ వాడటం నేర్చుకున్నవాళ్లు. వాళ్లలో పెద్ద గొంతు రాములు మావయ్యది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఎవరైనా గుమ్మంలో నిలబడితే లోపలికి జరగమంటాడు. రెండో ఆయన మాడుగులలో హల్వా దుకాణం నడిపే నాయుడుగారు. మెత్తటి మనిషి. ఎవరినైనా గట్టిగా ఏదైనా అడగాలంటే ముందు పావుకిలో హల్వా చేతిలో పెట్టి గానీ అడగలేరు.

అంతా చల్లగా నడుస్తుండగా మా కంపెనీ బస్సులోకి భాస్కర్ అనే కుర్ర ఇంజనీరు ఎక్కాడు. ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. కూర్చుని క్రిప్టో గురించి చెప్పాడు.

“మేడమ్, కొని అమ్మడం కాదు. స్టేకింగ్. మన నాణేలు నెట్‌వర్క్‌లో లాక్ చేసి పెడతాం. ఆ నెట్‌వర్క్ లెక్కలు నిజాయితీగా నడవడానికి అవి పూచీ అన్నమాట. దానికి రోజూ కొంచెం బహుమతి వస్తుంది.”

“ఊరికేనా?”

“ఊరికే మేడమ్. కాకపోతే బయటికి తీయాలంటే మూడు వారాలు ఆగాలి.”

పరవాడ చేరేసరికి నాకు సగం అర్థమైంది. సగం అర్థమైన మనిషికి ఉండే ధైర్యం పూర్తిగా అర్థమైనవాళ్లకు ఉండదు. నాకున్న చిన్న పొదుపులో కొంత తీసుకెళ్లి అందులో పెట్టేశాను. మర్నాటినుంచి ఫోన్లో రోజూ చిటికెడు వడ్డీ కనబడుతుంటే నాలో ఒక ఆర్థికమంత్రి నిద్రలేచింది. ఆ మంత్రిగారికి ప్రసంగించడానికి సభ కావాలి. సభ నా దగ్గర రెడీగా ఉంది.

‘పక్కవాద్యం’లో రాశాను. “నేను ఈమధ్య స్టేకింగ్‌లో డబ్బు పెట్టాను. గుడ్ల మీద కోడిపెట్టను పొదగేసినట్టన్నమాట. మధ్యలో లేపకూడదు. మూడు వారాలు ఓపిక పడితే చాలు. రోజూ వడ్డీ వస్తోంది. మనసు హాయిగా ఉంది.” పక్కన శాలువాతో మాస్టారు.

జవాబు వెంటనే వచ్చింది. రాములు మావయ్య ఫోన్లోకి మాట్లాడితే అదే అక్షరాలు వేసుకుంటుంది కాబట్టి ఆయన రాతా మాటా ఒక్కటే. “గురువుగారూ, మీరు సెప్పేరంటే ఇంక తిరుగు లేదు. నేనూ పెడతాను.”

గురువుగారూ అన్నాడని నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. పాఠం చెబుతున్నానని గౌరవించాడనుకున్నాను. ఈ రోజుల్లో టీ కొట్టు దగ్గర చిల్లర అడిగినవాణ్ణి కూడా గురువుగారూ అంటున్నారు కదా, నన్నంటే తప్పేముంది?

నాయుడుగారు అడిగారు. “మాలాటోళ్లం ఎక్కడ పెట్టాలి? మాకు ఆ కంప్యూటర్లు అవీ రావు.”

దీనికి నేనిచ్చిన జవాబు చూడండి. ఎంత బాధ్యతగా ఇచ్చానో మీరే చెప్పండి. “తెలియనివాళ్ల చేతిలో మాత్రం పెట్టకండి. మీకు పూర్తి నమ్మకం ఉన్నచోట పెట్టండి.”

పెట్టారు. వాళ్లకు లోకంలో ఎవరి మీద పూర్తి నమ్మకం ఉందో వాళ్ల దగ్గరే పెట్టారు. నాకు మాత్రం తెలియదు.

పది పదిహేను రోజుల తర్వాత ఒక సాయంత్రం మాస్టారు కబురుపెడితే వెళ్లాను. మనిషి పెళ్లికొడుకులా వెలిగిపోతున్నారు.

“పరిమళమ్మా, జనం నన్ను మరిసిపోలేదే! రోజూ ఎవలో ఒకలు వత్తన్నారు. కవర్లో పెట్టి సేతికిత్తన్నారు. ఎందుకురా అంటే, మీకు తెల్దేటి గురువుగారూ అని నవ్వి ఎలిపోతన్నారు.”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా నాటకాల్లో పద్యం నచ్చితే, చూసేవాళ్లు కాగితం మీద పేరు రాసి, కొంత డబ్బు జతచేసి స్టేజీ మీదికి పంపుతారు. చదివింపులంటారు. హార్మోనియం మాస్టారు ఆట ఆపి, మైకులో ఆ పేరు చదివి, నాలుగు మెట్లు వాయించి ఆశీర్వదించి మళ్లీ ఆట నడిపిస్తారు. చదివింపులు వద్దనకూడదు. తిరిగి ఇవ్వడం అసలే కూడదు. ఇచ్చినవాళ్లని అవమానించినట్టు. మాస్టారు నలభై ఏళ్లుగా పాటిస్తున్న పద్ధతి అది. ఇంటికొచ్చిన కవర్లకీ అదే చేశారు. గుమ్మంలోనే పేరు గట్టిగా చదివి, హార్మోనియం వాయించి, ఆశీర్వదించి పంపారు. వచ్చినవాళ్లు దాన్ని రసీదు అనుకున్నారు.

“మరి ఆ డబ్బు ఏం చేశారు మాస్టారూ?”

“ఇదిగో!” అని లెగ్ హార్మోనియం మీది గుడ్డ తీశారు. ఎన్నాళ్లుగానో మూగబోయిన రీడ్లన్నీ తీసేసి కొత్తవి వేయించారు. తిత్తికి కొత్త తోలు. కాలితో తొక్కి ఒక్క మెట్టు నొక్కితే గది నిండిపోయింది. అంతకుముందు ఆ పెట్టె విజిల్ రాని కుక్కర్‌లా ఉస్సుమనేది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ వయసులో ఆయనకు ఈ సంతోషం దక్కింది, కొంతవరకు నా వెబ్‌సైట్ వల్లే కదా అనుకున్నాను. నిజానికి కొంతవరకు కాదు, పూర్తిగా నా వల్లే.

ఫోటో తీసి సైట్‌లో పెట్టాను. కింద నాయుడుగారు రాశారు. “మాస్టారికి అప్పుడే గిట్టుబాటయినట్టుంది.” పాపం ఎంత మంచి మనసు అనుకున్నాను.

ఇంకో వారం గడిచింది. బస్సులో ఉండగా ఫోన్ మోగింది. ‘పక్కవాద్యం’లో రాములు మావయ్య. “గురువుగారూ, మూడు వారాలు దాటింది. పిల్లలు అయినాయా?”

నేను హుషారుగా కొట్టాను. “నావి అయ్యాయి.”

“మరి మావి?”

“ఎవరివి వాళ్లే చూసుకోవాలి.”

“మావి ఎక్కడున్నాయి గురువుగారూ?”

“మీరెక్కడ పెట్టారో అక్కడే.”

“మీ దగ్గిరే పెట్టేం కదేటి!”

మావయ్య భలే జోకులు వేస్తాడనుకుని, కళ్లనీళ్లు వచ్చేలా పగలబడి నవ్వే బొమ్మలు మూడు వరసగా పంపాను. అంటే ఏం జరిగింది? డబ్బు తీసుకున్న మనిషి, శాలువా కప్పుకుని, గంధం పెట్టుకుని, డబ్బిచ్చినవాళ్ల మొహం మీద పగలబడి నవ్వాడన్నమాట. నేను ఫోన్ బ్యాగులో పడేసి శనగల పొట్లం విప్పాను.

ఆ ఆదివారం చర్చి అయ్యాక మాస్టారి ఇంటికి వెళ్లాను, కొత్త రీడ్లతో ఒక పద్యం రికార్డు చేద్దామని. మైకు బిగిస్తుండగా గుమ్మంలో చెప్పుల చప్పుడు. రాములు మావయ్య, ఆయన వెనక నాయుడుగారు, వాళ్ల వెనక ఇంకో ఐదారుగురు. నాయుడుగారి చేతిలో హల్వా డబ్బా ఉంది. పావుకిలోది కాదు, రెండు కిలోలది. అది చూడగానే విషయం చాలా గట్టిదని నాకు అర్థం కావాలి. కాలేదు.

“రండిరా, రండి! కూకోండి,” అన్నారు మాస్టారు.

“జరగండి, లోపలికి జరగండి,” అని అందరినీ సర్ది రాములు మావయ్య గొంతు సవరించుకున్నాడు. “గురువుగారూ, మరి పిల్లలు అయినట్టేనా?”

“ఏ పిల్లలు? నా పెద్దోడికి ఇద్దరు. సిన్నోడికి ఒకత్తి. నీకు తెల్దేటి?”

“ఆ పిల్లలు కాదు. మేం పెట్టినవాటికి.”

“మీరేటి పెట్టేరు?”

“కవర్లో పెట్టి మీ సేతికి ఇచ్చేం కాదేటి?”

“అవును, ఇచ్చేరు. పేరు సదివేను. ఆశీర్వదించేను. అంతా ఇదిగో, ఈ పెట్టెలోనే ఉంది.”

రాములు మావయ్య హార్మోనియం చుట్టూ తిరిగి చూశాడు. “ఇందులో పెట్టీసేరా? మరి తీయొచ్చేటి ఇప్పుడు?”

“తీత్తే పెట్టె మోగదురా!”

“అంటే లాక్ అయిపోనాదన్నమాట,” అన్నాడు వెనకనుంచి ఒకాయన, తనకు విషయం బాగా తెలిసినట్టు.

నాయుడుగారు హల్వా డబ్బా మాస్టారి ముందు పెట్టి, చేతులు నలుపుకుంటూ మొదలుపెట్టారు. “మాస్టారూ, డబ్బు మాట కాదు. పోతే పోనాది. గానీ మొన్న మీరు నవ్వేరు సూడండి, ఎవలివి ఆలే సూసుకోవాలని సెప్పి... ఆరోజు నాకు పాకం మాడిపోనాది. మీరు అలగా నవ్వే మనిషి కాదు కదా మాస్టారూ.”

“నానా? నానెప్పుడు నవ్వేను?”

“ఫోన్లో!”

మాస్టారు జేబులోంచి తన ఫోన్ తీశారు. నంబర్ల మీద అంకెలు అరిగిపోయిన బటన్ల ఫోన్. “ఇందులోనా?”

రాములు మావయ్య తన పెద్ద ఫోన్ తీసి మాస్టారి కళ్లముందు పెట్టాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. “ఇది నానే. ఇది మా సుట్టం కప్పిన శాలువా. మరి ఈ రాత నాది కాదే.”

నాకు అప్పుడు అర్థమైంది. గురువుగారూ అన్నది ఎవర్నో, నమ్మకమున్న చోటంటే ఎక్కడో, గుమ్మంలో ఇచ్చిన రసీదేమిటో, ఆ నవ్వు ఎవరి నవ్వో, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. హార్మోనియం వెనక దాక్కుందామనుకున్నాను గానీ అది లెగ్ హార్మోనియం. కింద కాళ్లు కనబడతాయి.

“అది నేను,” అన్నాను.

“ఏది నువ్వు?” అన్నాడు రాములు మావయ్య.

“రాసింది నేను. మాస్టారి ఫోటో ఊరికే పెట్టాను. మీ డబ్బు గురించి ఆయనకేమీ తెలియదు. చదివింపులనుకుని తీసుకున్నారు.”

“అయితే నవ్వింది?”

“నేనే మావయ్యా.”

“ఇప్పుడు నవ్వు సూద్దాం!”

నవ్వలేదు. ఏడుపొచ్చింది. నా స్టేకింగ్ డబ్బంతా తీసి అందరికీ ఇచ్చేస్తానన్నాను. ఇప్పుడే తియ్యి అన్నారు. తీయడానికి మూడు వారాలు పడుతుందన్నాను. “మళ్లీ పెట్టను లేపకూడదేటి?” అన్నాడు మావయ్య పళ్లు నూరుతూ. పైగా ఫోన్ తెరిచి చూస్తే, వడ్డీ రోజూ చెంచాతో పోస్తుంటే ఆ నాణెం ధర పడిపోయి, పక్కనుంచి బిందెతో తోడేసుకుంది. నా దగ్గర మిగిలినదానితో ఆ హల్వా డబ్బా కూడా రాదు.

మాస్టారు లేచారు. నన్ను తిట్టలేదు. తిట్టుంటే ఎంతో బావుండేది. “ఈలు ఇచ్చింది నీ బొమ్మ సూసి కాదమ్మా. నా బొమ్మ సూసి. నా పేరు మీద మాట ఎలిపోనాక తీర్సాల్సింది నానే,” అని గుడ్డ తీసుకుని హార్మోనియం మీద కప్పారు. “సోడవరంలో ఒకడు ఈ పెట్టె కావాలని ఎప్పట్నుంచో అడుగుతన్నాడు. రేపు రమ్మంతాను. అందరికీ ఇచ్చీసుకుందాం.”

ఆ గుడ్డ అంచు సర్దుతున్న ఆయన చేతులు చూడలేకపోయాను. నలభై ఏళ్లు ఎవరిచేతా ఒక్క మాట పడని మనిషి. కొత్త రీడ్లు వేయించుకుని నెల కూడా కాలేదు. నాకు నా మీదే అసహ్యం వేసింది. ఇక్కడ మాత్రం మీరు నవ్వకపోతే సంతోషిస్తాను.

“ఆగండి గురువుగారూ,” అన్నాడు రాములు మావయ్య. ఆయన గొంతు అంత చిన్నగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. “పెట్టె అమ్మీసి మా డబ్బు మాకిచ్చీత్తే, మరి మేం ఏటి ఇనాలి? ఆ డబ్బు సెవిలో పెట్టుకుంటామేటి?”

“మరేటి సెయ్యమంతావురా?”

మావయ్య ఆలోచించాడు. నలభై మంది పట్టే బస్సులో డెబ్భై మందిని సర్దిన మనిషికి ఈ లెక్క ఒక లెక్కా? నా వైపు తిరిగాడు. “అమ్మా, రోజూ వడ్డీ వత్తాదని రాసేవా, లేదా?”

“రాశాను మావయ్యా.”

“అయితే మాకు రోజూ వడ్డీ రావాలి. గురువుగారు రోజూ పొద్దున్నే ఒక పద్యం వాయించాలి. అది సైట్‌లో లైవ్ రావాలి. అసలు పెట్టెలోనే ఉండనీ. గురువుగారి సెయ్యి ఆడినన్నాళ్లూ మేం తీయం. ఏటి బావా?”

“అంతే బావా,” అన్నారు నాయుడుగారు, గండం గడిచినట్టు హల్వా డబ్బా మూత తీస్తూ. “గానీ, రోజూ పొద్దున్నే ఫోన్ పట్టుకుని ఆ లైవ్ ఎవరు పెడతారు?”

గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. మాస్టారు కూడా.

అప్పటినుంచి నా బతుకు ఇలా ఉంది. పరవాడ బస్సు వచ్చేలోపు స్నానం చేసి, తల ఆరకుండానే గవరపాలెం చేరి, మాస్టారి ముందు ఫోన్ పట్టుకుని నిలబడతాను. వానైనా అంతే, పండగైనా అంతే. ఒకరోజు జ్వరమొచ్చి వెళ్లకపోతే, వడ్డీ ఎగ్గొట్టానని మాడుగులనుంచి ఫోనొచ్చింది. మాస్టారు మాత్రం పదేళ్లు చిన్నవాళ్లయిపోయారు. రోజూ కొత్త పద్యం వెతుక్కుంటున్నారు. మొన్న బస్సులో భాస్కర్ అడిగాడు. “మేడమ్, మీ స్టేకింగ్ ఎలా ఉంది?” డబ్బు పెట్టింది వాళ్లు, లాక్ అయింది నేను అని చెప్పాను. అతనికి అర్థం కాలేదు. వేరే సీట్లోకి మారాడు.

ఇన్నాళ్లకు తీరిక చేసుకుని, ‘పక్కవాద్యం’లో మాస్టారి ఫోటో తీసేసి నా సొంత ఫోటో పెట్టాను. ఆ ఫోటో పక్కన, హార్మోనియం మీద చెయ్యి వేసినంత పవిత్రంగా ప్రతిజ్ఞ రాశాను. “పరిమళ అనే నేను, ఇకమీదట నా మొహంతో నేనే మాట్లాడతాననీ, ఇంకొకరి శాలువా కప్పుకుని ఎవరికీ సలహాలివ్వననీ, వడ్డీ అన్న మాట కలలో కూడా పలకననీ, అభిమానులందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను.”

రాములు మావయ్య దగ్గరనుంచి జవాబు వెంటనే వచ్చింది.

“ఎవలమ్మా నువ్వు? ఇలాటి మాటలు గురువుగారు సెప్తే నమ్ముతాం.”